ఇవాళ ఏమీ వండలేదు

మన ఆడవాళ్ళు చాలా తరచుగా చెప్పే అబద్ధం ఒకటుంది. అది అబద్ధమని చెప్పేవాళ్ళకీ తెలియదు, వినేవాళ్ళకీ తెలియదు. "ఇవాళ ఏమీ వండలేదండీ" అన్నదే ఆ అబద్ధం. ఈ మాట అన్న ఇంట్లోనే అన్నం ఉంటుంది, పప్పు ఉంటుంది, చారు మరుగుతూ ఉంటుంది, అప్పడాలు వేగుతూ ఉంటాయి. నలుగురూ కడుపునిండా తిని లేస్తారు. అయినా ఆవిడ ఏమీ వండలేదు! అంటే ఏమిటన్నమాట? గారెలకి పప్పు రుబ్బలేదు, గుత్తివంకాయల్లో కారం కూరలేదు, పొయ్యి ముందు రెండు గంటలు నిలబడి చెమటలు కక్కలేదు అని.

ఈ మాటకి పాస్‌పోర్టు కూడా ఉన్నట్టుంది. మా అమ్మాయి అమెరికాలో, సియాటిల్ ఊరికి దగ్గర్లో ఉంటోంది. అక్కడ నేను ఆరు నెలలున్నాను. ఆవకాయ జాడీతో పాటు ఈ మాటనీ మన పిల్లలు భద్రంగా మూటగట్టుకుని వెళ్ళారు. అమ్మాయి ఆఫీసు నుంచి సాయంత్రం ఆరింటికి ఇంటికొస్తుంది. ఆరున్నరకల్లా బల్లమీద అన్నం, ఉడికించిన చిక్కుళ్ళు, తేనెరంగులో నిగనిగలాడుతూ సాల్మన్ చేప ముక్కలు. వేసవిలో అక్కడ సాయంత్రం ఆరున్నర అయితే ఇక్కడ మర్నాడు పొద్దున్న ఏడు. సరిగ్గా ఆ వేళకి వాళ్ళ అత్తగారు ఫోను చేసేవారు. "ఏం చేశావమ్మా?" అంటే, "ఏమీ వండలేదత్తయ్యా, సాల్మన్ పెట్టేశానంతే" అని మా అమ్మాయి జవాబు. ఒకరోజు ఇది విన్న మా మనవరాలు, దానికి తొమ్మిదేళ్ళు, నావైపు తిరిగి, "మరి మనం తిన్నదేమిటి అమ్మమ్మా?" అంది.

పిల్ల ప్రశ్నని నవ్వి వదిలేయవచ్చు. నాకెందుకో వదలబుద్ధి కాలేదు. పావుగంటలో అయిన వంట వంట కాదా? త్వరగా వండితే ప్రేమ తగ్గినట్టా? పొయ్యి దగ్గర ఎంత అలిసిపోతే ఇంట్లో వాళ్ళని అంత ప్రేమించినట్టని ఈ లెక్క ఎవరు రాశారు?

ముందు ఆ వంటేమిటో చెబుతాను. లేకపోతే మీకు నామీద కోపం వస్తుంది. వేలెడు మందం ముక్కలు తీసుకుని తడి లేకుండా అద్ది, ఉప్పు రాసి, తోలు కిందికి వచ్చేలా పళ్ళెంలో పెట్టాలి. ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, రెండువందల డిగ్రీలు. అది వేడెక్కేలోగా చిన్న గిన్నెలో మూడు చెంచాల సోయాసాస్, రెండు చెంచాల తేనె, దంచిన అల్లం వెల్లుల్లి వేసి, చెంచాకి అంటుకునేంత చిక్కబడేదాకా మరిగించాలి. దించాక సగం చెక్క నిమ్మరసం. మన నోటికి కాస్త మిరపగింజల కారం. ఈ పాకంలో సగం ముక్కలకి పూసి లోపల పెట్టి, ఏడెనిమిది నిమిషాలకి తీసి, మిగతాది పూసి మళ్ళీ మూడు నాలుగు నిమిషాలు ఉంచితే చాలు. మొత్తం పాకం మొదటే పూస్తే అందులో తీపి మాడుతుంది. ఈ పద్ధతి జపానువాళ్ళది. వాళ్ళు దీన్ని టెరియాకి అంటారు. 'టెరి' అంటే మెరుపు, 'యాకి' అంటే కాల్చడం. సియాటిల్‌లో వీధి వీధికీ టెరియాకి హోటళ్ళున్నాయి.

ఇంతకీ చేప అంత త్వరగా ఎందుకు ఉడుకుతుంది? మేక తన బరువు తను మోసుకుని గుట్టలెక్కాలి. అందుకే దాని కండని కండతో కలిపే పొరలు గట్టివి, గంటల తరబడి ఉడికితేగాని కరగవు. చేప బరువుని నీళ్ళే మోస్తాయి. దాని కండలు పొట్టివి, మధ్యలో పొరలు పల్చనివి, కొద్దిపాటి వేడికే విడిపోతాయి. ముక్క లోపల అరవైమూడు డిగ్రీలు వస్తే చాలని అమెరికా ప్రభుత్వం వారి లెక్క. ఇంకాస్త ఉడకనీ అని మరో పది నిమిషాలు ఉంచారనుకోండి, గుడ్డు తెల్లసొనలాంటిది ముక్క మీదికి ఉబికి వస్తుంది, లోపల చెక్కపొట్టు మిగులుతుంది. ప్రేమ ఎంత పొంగిపొర్లినా సరే, ఈ చేపకి ఎక్కువ సేపు కేటాయించడానికి వీల్లేదు!

మాది గోదావరి ఒడ్డు. కనుక "చేపకి పావుగంటేమిటి, పులస పులుసు ముందు అదెంత?" అని మావాళ్ళు అడగకుండా ఉండరు. నిజమే. చిత్రమేమిటంటే ఈ రెండు చేపలకీ ఒక పోలిక ఉంది. సాల్మన్ లాగే మన పులస కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. సముద్రంలో ఉన్నప్పుడు దాన్నే వలస అనో ఇలస అనో అంటారు, గోదావరి ఎర్రనీళ్ళు తాగితేగాని పులస కాదు. దాన్ని మట్టిదాకలో చింతపండు పులుసు పోసి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడకనిచ్చి, రాత్రంతా ఉంచి మర్నాడు తింటారు. ఆ ఆలస్యానికి కారణాలున్నాయి. ఆ చేపనిండా వెంట్రుకల్లాంటి ముళ్ళు. పులుపులో నెమ్మదిగా ఉడికితేగాని అవి మెత్తబడవని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మర్నాటిదాకా కూర నిలవాలంటే చింతపండే దిక్కు. అంటే ఆ ఇల్లాలు పులస మాట విని నెమ్మదిగా వండింది, మా అమ్మాయి సాల్మన్ మాట విని త్వరగా వండుతోంది. ఇద్దరూ తమ చేతికొచ్చిన చేపకి తగ్గట్టే నడుచుకున్నారు. ఇందులో ఒకరికి ప్రేమ ఎక్కువ, ఒకరికి తక్కువ అనడానికి నాకు ఆధారమేమీ కనబడదు.

అన్నట్టు, "పుస్తెలమ్మైనా పులస తినాలి" అంటారు కదా. అమ్మేది ఎవరి పుస్తెలు? పులుసు కాచేది ఎవరు? పెద్ద ముక్క ముందు పడేది ఎవరి కంచంలో? సామెత చెప్పేటప్పుడు ఇవన్నీ ఎవరూ అడగరు.

అసలు సంగతి ఒక శనివారం నాడు బయటపడింది. ఆ రోజు మా అల్లుడు, "ఇవాళ వంట నాది" అన్నాడు. చెప్పొద్దూ, బాగానే చేశాడు. అవే ముక్కలు, అదే పాకం, అవే పన్నెండు నిమిషాలు. బల్లమీద పెట్టగానే ఫొటో తీశారు. ఆ ఫొటో విజయవాడ వెళ్ళింది, హైదరాబాదు వెళ్ళింది. "అబ్బాయి వంట చేశాడట!" అని వాళ్ళమ్మగారు ఎంత మురిసిపోయారో! మురిసిపోవలసిందే, నాకూ సంతోషమే. కానీ బుధవారం నాడు "ఏమీ వండలేదు" అనిపించుకున్న వంటే శనివారానికి "వంట చేశాడు" ఎలా అయింది? చేప మారలేదు, గడియారం మారలేదు. మారింది చెయ్యి ఒక్కటే. అతను చేస్తే అది అదనం, ఆవిడ చేస్తే అది బాకీలో జమ. బాకీ తీర్చేవాళ్ళని ఎవరూ మెచ్చుకోరు. పైగా ఇంకా ఎంత మిగిలిందని అడుగుతారు.

ఇక్కడ న్యాయంగా అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. శ్రమకి విలువ లేదని నేననడం లేదు. సంక్రాంతికి మా అమ్మ చేసిన అరిసెల్లో ఆవిడ రెండు రోజులున్నాయి, ఆ సంగతి తినేటప్పుడు మాకు తెలిసేది. మన కోసం ఒకరు తమ సమయాన్ని ఖర్చుపెట్టారంటే అంతకన్నా పెద్ద కానుక ఏముంటుంది? అయితే కానుక అనేది ఇచ్చేవాళ్ళ ఇష్టం మీద ఉండాలి. ఇవ్వకపోతే తప్పు అన్నప్పుడు అది పన్ను అవుతుంది. తడికట్టెలు ఊదుకుంటూ పొగలో కళ్ళు పాడుచేసుకున్న అమ్మమ్మలు ప్రేమకొద్దీ ఆ పొగ కోరుకున్నారా? గ్యాసు పొయ్యి ఉండి ఉంటే వాళ్ళు మాత్రం వద్దనేవారా? వాళ్ళ ఓర్పుకి దణ్ణం పెడదాం. కానీ ఆ పొగనే కొలబద్దగా చేసి కోడళ్ళ మీదా కూతుళ్ళ మీదా పెట్టడం ఆ అమ్మమ్మలకీ మర్యాద కాదు.

శ్రమ వేరు, శ్రద్ధ వేరు. శ్రమ గడియారంలో కనబడుతుంది, శ్రద్ధ కనబడదు. మా అమ్మాయి చేప ముక్క మీద చూపుడువేలు పెట్టి నెమ్మదిగా తడుముతుంది. దుకాణంలో తీయగా మిగిలిపోయిన సన్నముల్లు ఎక్కడైనా తగిలితే పట్టుకారుతో లాగేస్తుంది. తోక వైపు ముక్క పల్చన కనుక దాన్ని రెండు నిమిషాలు ముందే తీస్తుంది, అది పిల్లకి. పిల్ల ముక్క మీద కారం ఉండదు, నా ముక్క మీద రక్తపోటుకి భయపడి సోయాసాస్ తక్కువ. ఇవన్నీ పావుగంటలోనే జరుగుతాయి. రెండు గంటలు వండి, ఎవరికేది పడదో గుర్తులేని వంటలు కూడా నేను తిన్నాను.

"ఏమీ వండలేదు" అన్న మాటలో ఇంకో అన్యాయం కూడా ఉంది. ఆ పావుగంట ఆకాశంలోంచి ఊడిపడలేదు. మన దగ్గర చేప కొంటే పొలుసు తీసి, ఉప్పూ పసుపూ వేసి తోమి కడిగేసరికే అరపూట గడుస్తుంది. అక్కడ ఆ పనంతా ఎవరో పడవల మీదా, చలి గదుల్లోనూ నిలబడి ముందే చేసేశారు. దుకాణాల్లో దొరికే అట్లాంటిక్ సాల్మన్ దాదాపు అంతా పెంపకం చేపే. మా అమ్మాయి కొనేది అలాస్కా సముద్రంలో పట్టిన సాకై రకం. అది ఏట్లో పుట్టి, ఒకటి రెండేళ్ళు మంచినీళ్ళలో పెరిగి, మరో రెండు మూడేళ్ళు సముద్రంలో తిరుగుతుంది. చిన్న చిన్న రొయ్యలాంటి పురుగుల్ని తిని ఆ ఎర్రరంగు తెచ్చుకుంటుంది. వల తప్పించుకున్నది పుట్టిన ఏటికే తిరిగొచ్చి, గుడ్లు పెట్టి, చచ్చిపోతుంది. సియాటిల్‌లో బాలర్డ్ లాకులని ఉన్నాయి, 1917లో కట్టినవి. అక్కడ చేపలు ఎక్కడానికి నీళ్ళలో మెట్లు కట్టారు. అద్దంలోంచి చూడవచ్చు. ప్రవాహానికి ఎదురుగా ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్న ఆ చేపల్ని చూస్తూ నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆ తీరంలో తరతరాలుగా ఉంటున్న ఆదివాసీ తెగల వాళ్ళు ఏడాదిలో మొదట దొరికిన సాల్మన్‌కి పండుగ చేస్తారు. అందరూ పంచుకు తిని, దాని ఎముకల్ని భక్తిగా మళ్ళీ నీళ్ళలో కలుపుతారు. భోజనం ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసినవాళ్ళు వాళ్ళు. నాలుగైదేళ్ళు ఈదిన చేపని పళ్ళెంలో పెట్టుకుని "ఏమీ లేదు" అని వాళ్ళనరు.

ఇక మిగిలిన సమయం మాట. పావుగంటలో వంటయితే గంటన్నర మిగలాలి కదా, ఎక్కడికి పోయింది? రూత్ ష్వార్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకం రాసింది. ఇంట్లోకి యంత్రాలు వచ్చినకొద్దీ తల్లుల పని తగ్గలేదు, పని ప్రమాణాలు పెరిగి, ఇంకో రూపంలో అంతే మిగిలింది అని అందులో చూపించింది. మనకీ తెలిసిందే. రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చింది, దానితో పాటు రోజుకో రకం చట్నీ వచ్చింది. మా అమ్మాయి కూడా కొన్ని రాత్రులు "ఏమీ వండలేదు" అన్న బెంగకొద్దీ మళ్ళీ లేచి, ఎవరూ అడక్కపోయినా ఒక వేపుడు మొదలుపెట్టేది. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిదిదాకా వెలుగుంటుంది. బయట పిల్ల సైకిలు పట్టుకుని అమ్మ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అమ్మ మాత్రం బంగాళాదుంపలు తరుగుతూ ఉంటుంది, తన ప్రేమని రుజువు చేసుకోవడానికి! ఈ లెక్కలో నష్టపోయేది ఎవరో చెప్పనక్కర్లేదు.

అందుకని నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. నచ్చితే పాటించండి. ఈసారి ఎవరైనా "ఏం వండారు?" అని అడిగితే, వండినదాని పేరు చెప్పండి. పప్పయితే పప్పు, చారయితే చారు, సాల్మన్ అయితే సాల్మన్. "అంతే" అని తోక తగిలించకండి. రెండు గంటలు పట్టే వంట చేయాలని మనసు పుట్టిన రోజున హాయిగా చేయండి, ఆ రోజు అది కానుక. పుట్టని రోజున పావుగంటలో ముగించి, మిగిలిన వేళని ఇంకో గిన్నెకి ధారపోయకుండా మీ దగ్గరే ఉంచుకోండి. మనం ఏమంటున్నామో పక్కనే కూర్చుని పిల్లలు వింటూ ఉంటారు. ఆడపిల్ల విని తన చేతి పనిని సున్నాగా లెక్క వేసుకోవడం నేర్చుకుంటుంది. మగపిల్లవాడూ విని, అమ్మ పొద్దస్తమానం చేసేదంతా "ఏమీ కాదు" అనే నేర్చుకుంటాడు.