ఆ పిల్లకి ఏం చెప్పాలి?

1963లో బర్మింగ్‌హామ్ జైల్లోంచి రాసిన ఉత్తరంలో మార్టిన్ లూథర్ కింగ్ తన 6 ఏళ్ల కూతురి సంగతి చెప్పాడు. టీవీలో వినోద పార్కు ప్రకటన చూసి తీసుకెళ్లమందట ఆ పిల్ల. నల్లపిల్లలకి అక్కడ ప్రవేశం లేదు. ఎందుకు లేదో చెప్పబోతే మాట తడబడిందని ఆయనే రాసుకున్నాడు. వేలమందిని కదిలించిన వక్తకి సొంతబిడ్డ ముందు నోరు రాలేదు.

నిజం చెబితే పసిమనసు విరుగుతుంది. దాస్తే రేపు వీధిలో ఇంకెవడో మరింత మొరటుగా చెబుతాడు.

అసలు దాచటం సాధ్యమా? 1940ల్లో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వవేత్తల దంపతులు 3 నుంచి 7 ఏళ్ల నల్లపిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టారు. మంచి బొమ్మ ఏదంటే ఎక్కువమంది తెల్లబొమ్మని చూపించారు. చెడ్డదేదంటే నల్లబొమ్మని. నీలా ఉన్నదేదని అడిగితే కొందరు ఏడ్చారు. బడుల్లో నలుపు తెలుపు వేర్పాటు చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. అమ్మానాన్నలు నోరు విప్పకముందే సమాజం పాఠం చెప్పేసింది. ఇక మౌనం ఎవరిని కాపాడుతుంది?

పోనీ జాగ్రత్తలు చెబితే? చెబుతూనే ఉన్నారు. పోలీసు ఆపితే చేతులు కనపడేలా పెట్టు, ఎదురు మాట్లాడకు, జేబులో చెయ్యి పెట్టకు. అమెరికాలో నల్లవాళ్ల ఇళ్లలో ఇది తరతరాల పాఠం. 1955లో మేమీ టిల్ తన 14 ఏళ్ల కొడుకు ఎమెట్‌ని షికాగో నుంచి మిసిసిపీలో బంధువుల ఇంటికి పంపుతూ, తెల్లవాళ్ల దగ్గర ఎలా మసలుకోవాలో చెప్పే పంపింది. శవమై తిరిగొచ్చాడు. చంపినవాళ్లని తెల్లవాళ్ల జ్యూరీ విడిచిపెట్టింది. మరుసటేడు వాళ్లే డబ్బు తీసుకుని, తామే చంపామని ఒక పత్రికకి చెప్పుకున్నారు. 2014లో క్లీవ్‌లాండ్ పార్కులో బొమ్మ తుపాకి దగ్గరున్న 12 ఏళ్ల టమీర్ రైస్‌ని పోలీసు కారు ఆగిన 2 సెకన్లలోనే కాల్చేశారు. జాగ్రత్త పాటించే వ్యవధి కూడా ఇవ్వలేదు.

కనక 'నువ్వు మంచిగా ఉంటే నీకేం కాదు' అనే మాట అబద్ధం. పైగా క్రూరం. దెబ్బ తిన్నాక తప్పు తనదేననుకుంటాడు పిల్లాడు.

మేమీ టిల్ శవపేటిక మూయనివ్వలేదు. బిడ్డకి ఏం చేశారో లోకాన్ని చూడమంది. సిగ్గుని ఉండాల్సిన చోట పెట్టింది. బిడ్డకి ఇవ్వాల్సిన మొదటి ఆశ అదే: సిగ్గుపడాల్సింది నువ్వు కాదు.

రెండోది తోడు. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో 6 ఏళ్ల రూబీ బ్రిడ్జెస్, తిట్లు కురిపిస్తున్న గుంపుని దాటుకుంటూ, ఫెడరల్ అధికారుల కాపలాలో తెల్లపిల్లల బడికి వెళ్లింది. తండ్రికి ఇష్టం లేదు. తల్లి పట్టుబట్టింది. తండ్రి ఉద్యోగం పోయింది. పసిపిల్లని యుద్ధానికి పంపవచ్చా? ఆ తండ్రి సంకోచాన్ని పిరికితనమనే హక్కు మనకి లేదు. తల్లి పట్టుదలని మొండితనమనే హక్కూ లేదు. బార్బరా హెన్రీ అనే తెల్ల టీచరు ఏడాదంతా ఖాళీ క్లాసులో ఆ ఒక్క పిల్లకే చదువు చెప్పింది. గెలుపుకి ఎవరూ హామీ ఇవ్వలేరు. ముందు నడిచినవాళ్లున్నారని, పక్కన నిలబడేవాళ్లూ ఉంటారని మాత్రం చెప్పొచ్చు.

అయినా ఓర్పు, జాగ్రత్త, ఆశ అన్నీ నల్లతల్లే ఎందుకు నేర్పాలి? రూబీని చూసి అరిచిన గుంపులో తల్లులూ ఉన్నారు. వాళ్ల పిల్లలకి ఎవరు ఏం నేర్పారు?

ఈ ప్రశ్న మన గడప కూడా తొక్కుతుంది. 1964 పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటేడే, ఆ ఉద్యమం వేడిలోనే, అమెరికా వలస చట్టం మారింది. మన డాక్టర్లకి, ఇంజనీర్లకి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు తోసినవాళ్లని మనం ఏమంటున్నాం? 'నల్లోళ్ల ఏరియా, అటు పోవద్దు' అని పిల్లల ముందే అనటం లేదా? పెళ్లిచూపుల్లో పిల్ల రంగు చూసే అలవాటు విమానమెక్కి అక్కడికీ చేరలేదా?

నల్లబిడ్డకి ఆశ వాళ్లమ్మ ఇస్తూనే ఉంది. పక్క బెంచీలో కూర్చునే మన బిడ్డకి మనం ఏం చెప్పి పంపుతున్నాం? ఆ తల్లి మాట నిజమవుతుందో లేదో అక్కడ కూడా తేలుతుంది.