ధూళి దర్శనం

శ్రీశైలంలో ఒక పాత ఆచారం ఉంది, ధూళి దర్శనం అంటారు. నల్లమల దాటి కొండెక్కిన యాత్రికుడు ముందుగా సత్రం వెతుక్కోనక్కర్లేదు, పాతాళగంగకు దిగి మునగనక్కర్లేదు. దుమ్ము కాళ్లతోనే నేరుగా మల్లన్న దగ్గరికి పోయి, లింగం మీద చేయి వేసి, తల ఆనించవచ్చు. స్నానం, మడి, పూజ అన్నీ ఆ తర్వాతే. ఇప్పుడు క్యూలైన్లూ టికెట్లూ స్పర్శ దర్శనానికి వేళలూ వచ్చాయి. జనం పెరిగాక అవీ తప్పవు. అయినా వచ్చినవాణ్ణి వచ్చినట్టే దగ్గరికి తీసుకోవడం ఈ కొండ మర్యాద.

ఆ మర్యాదను తలుచుకుంటూ ఈ పూట మనసుతోనే ఒక పగటి యాత్ర చేద్దాం. తెల్లవారుజామున మల్లన్నకు దండం పెట్టుకుని సున్నిపెంట, దోర్నాల, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరితే, అక్కడ నాగార్జునకొండకు లాంచీ ఉంటుంది. పులిహోర డబ్బాలు, పిల్లల కేకలు, వదులుగా వేలాడే లైఫ్ జాకెట్లు, ఇంజను చప్పుడుకు వణికే బల్లలు. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, కొండ మీది మ్యూజియం మూసి ఉంటుంది. నాగార్జునసాగర్ నీళ్ల మధ్య కనిపించే ఆ దీవే నాగార్జునకొండ. నీళ్లు రాకముందు అది దీవి కాదు, లోయలో ఒక కొండ. లాంచీ కింద మునిగి ఉన్నది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి.

సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖవాళ్లు ఆ లోయను తవ్వారు. ముఖ్యమైన కట్టడాల్లో కొన్నింటిని విప్పి కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. విజయపురిలో బౌద్ధ విహారాలు ఎన్నో ఉండేవి. కృష్ణ ఒడ్డున పుష్పభద్రస్వామి పేరుతో శివాలయమూ ఉండేది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు, కార్తికేయుడి భక్తుడు. ఆయన తోబుట్టువు చాంతిసిరి బుద్ధుడికి మహాచైత్యం కట్టించింది. సోదరుడిది యజ్ఞం, సోదరిది చైత్యం. దాని కోసం ఆ ఇంట్లో ఎవరూ వేరు కుంపటి పెట్టుకున్నట్టు శాసనాల్లో కనపడదు.

ఈ ధ్యానానికి నాకు కావలసింది మాత్రం రాణీ కాదు, రాజూ కాదు. బోధిసిరి అనే ఒక ఉపాసిక. మూడో శతాబ్దంలో, వీరపురుషదత్తుడు రాజ్యానికి వచ్చిన పద్నాలుగో ఏట, ఆమె శ్రీపర్వతం మీద చుల్లధమ్మగిరి విహారంలో ఒక చైత్యగృహం కట్టించింది. శ్రీపర్వతం మన మల్లన్న కొండకూ ఉన్న పేరే. ఆమె దానశాసనాన్ని ఆ గుడి రాతి నేల మీదే చెక్కారు. అంటే నడిచే పాదాల కిందే. అందులో ఆమె ఎవరి కోసం కట్టించిందో చెప్పింది: సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం. వాళ్లు ధర్మం చెప్పిన దేశాలను వరసగా పేర్కొంది. కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాతం, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవనం, ద్రావిడం, పాలూరు, తామ్రపర్ణి ద్వీపం. మాచర్ల దారిలోని ఈ లోయలో, ఒక గృహిణి చెప్పి వేయించిన రాతలో చీనా దేశం పేరు ఉందంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆమె ఇతర దానాలూ ఆ శాసనంలోనే ఉన్నాయి. ఒకచోట బోధివృక్షానికి గుడి, ఒకచోట చెరువు, కంటకసెలలో, అంటే మన ఘంటసాలలో, రాతి మండపం. ఒక విహారంలో ఒక గది, ఇంకోచోట మూడు, మరోచోట ఏడు. గదులు! పరాయి ఊరి నుంచి వచ్చే మనిషి నడుం వాల్చడానికి. గోపురం కట్టిస్తే నలుగురూ తలెత్తి చూస్తారు. గది కట్టిస్తే అందులో పడుకున్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె రెండోదాన్నీ ఎంచుకుంది.

ఆమె పేర్కొన్న చీనా నుంచి ఒకరు నిజంగానే తెలుగు నేల మీదికి నడిచి వచ్చారు. ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి, ధరణికోటల దగ్గర, కొన్ని నెలలు ఉన్నాడు. ఇక్కడి భిక్షువులు ఇద్దరి దగ్గర అభిధర్మం చదువుకున్నాడు, వాళ్లకు మహాయాన గ్రంథాలు చెప్పాడు. ఎవరు అతిథి, ఎవరు గురువు అన్న లెక్క అక్కడ నిలవలేదు. అంతకు రెండు శతాబ్దాల ముందు వచ్చిన మరో చీనా యాత్రికుడు ఫాహియాన్ సంగతి వేరు. దక్షిణాన కొండను తొలిచిన గొప్ప విహారం ఉందని విన్నాడు. దారి కష్టమనీ, రాజుకు సొమ్ము కట్టి మనుషులను తోడు తీసుకుంటే తప్ప పోలేమనీ విన్నాడు. తాను పోలేకపోయాననీ, విన్నది రాస్తున్నాననీ దాపరికం లేకుండా రాసిపెట్టాడు. అది ఈ శ్రీపర్వతమేనని కొందరు పండితులు అంటారు, కాదని కొందరు. నాకు మాత్రం చేరలేకపోయిన ఆ యాత్రికుడంటేనే ఎక్కువ ఇష్టం. మోకాళ్లు సహకరించక, చేతిలో డబ్బుల్లేక, ఇల్లు కదల్లేక శ్రీశైలం చూడలేకపోయినవాళ్లు మన సీమలోనే ఎంతమంది లేరు? వాళ్ల దండం మల్లన్నకు అందదని ఎవరనగలరు?

మనవాళ్లూ చీనాకు వెళ్లారు. చైనాలోని చ్వాన్‌జౌ రేవులో తమిళ వర్తకులు శివుణ్ణి ప్రతిష్ఠించుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం అందుకు సాక్ష్యం. ఆ గుడి కాలగతిలో పోయింది. దాని శిల్పాల్లో ఏనుగు లింగాన్ని పూజించే పలక కూడా ఉంది. మన కాళహస్తి కథ తెలిసినవాళ్లకు దాన్ని విప్పి చెప్పనక్కర్లేదు. హిందూ పురాణగాథలు చెక్కిన రాతి స్తంభాలు అదే ఊళ్లో కైయువాన్ బౌద్ధాలయంలో ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. వెళ్లినవాళ్లకు అక్కడా ఎవరో చోటిచ్చారన్నమాట.

సాయంత్రం లాంచీలో తిరిగి వచ్చేటప్పుడు మనల్ని మనం ఒక మాట అడుగుదాం. మన ఇంటి గుమ్మం ఎవరికి తెరుచుకుంటోంది? తెలిసిన మొహానికా, మన దేవుడికే మొక్కేవాడికా, మన భాష మాట్లాడేవాడికా? మల్లన్న గుమ్మంలో ఈ లెక్కలు లేవు. చెంచులు ఆయన్ను తమ అల్లుడంటారు. కన్నడిగులు ఆయన దేవేరి భ్రమరాంబను తమ ఆడపడుచంటారు, ఉగాదికి చీరె సారె మోసుకొస్తారు. రెండు అత్తారిళ్ల అల్లుడు, ఇద్దరిలో ఎవరినీ కాదనలేదు.

స్వామీ, దుమ్ము కాళ్లతో వచ్చినవాణ్ణి చూసి ముఖం చిట్లించని మనసు ఈ రోజుకు ఇవ్వు. చేరలేకపోయినవాళ్ల దండం కూడా మా దండంతో కలిపి అందుకో.

ఉగాదికి ముందు కన్నడ యాత్రికులు కాలినడకన కర్నూలు, ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారిన కొండెక్కుతారు. కొందరి కాళ్లు బొబ్బలెక్కి ఉంటాయి. ఈసారి మీ ఊరి మీదుగా పోతుంటే చెంబుడు మజ్జిగ, నీడలో కాస్త చోటు ఇవ్వండి. యా ఊరు మీది అని తాగినాక అడుగుదురు.