దేవుడి పేరుకు హక్కుదారెవరు?

సైదాబాద్‌లో మా పూజాసామగ్రి కొట్టుకొచ్చేవాళ్లు కంపెనీ పేరు అడగరు. "ఆ సాయిబాబా బొమ్మ ప్యాకెట్ ఇవ్వన్నా" అంటారు. అరలో అలాంటి అగరుబత్తులు నాలుగు రకాలుంటాయి. వాసన చూసి ఒకటి పట్టుకెళతారు. బొమ్మ దేవుడిది, వాసన వ్యాపారిది. మరి పేరు మీద హక్కు ఎవరిది?

ఈ పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పట్నా వ్యాపారి ఒకాయన అగరుబత్తులకు 'రామాయణ్' అనే పేరు తనకే రిజిస్టరు చేయమన్నాడు. పవిత్ర గ్రంథం పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని 2015లో కోర్టు తేల్చేసింది. దానికి మరో మాట జోడిస్తే పరిశీలించవచ్చంది.

అలాగని దేవుడి సొమ్ము అందరిదీ అనుకుంటే పొరపాటే. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మా వీధి మిఠాయివాడు ఎంత నెయ్యి పోసినా ఆ పేరుతో అమ్మకూడదు. శ్రీవారికి చట్టం కాపలా అక్కర్లేదు. మోసపోకుండా చూడాల్సింది కొనేవాణ్ని.

నాకు తోచేదొకటే. భక్తి తాతల నుంచి వస్తుంది, పరపతి మాత్రం ఎవరికి వారు సంపాదించుకోవాల్సిందే. కొత్తగా బత్తీల వ్యాపారం పెట్టేవాడు దేవుడి చాటున దాక్కోకుండా సొంత పేరొకటి రిజిస్టరు చేయించుకోవాలి. బత్తి సగంలో ఆరిపోతే తిట్లు దేవుడికి తగలకుండా ఉంటాయి.