మేరుప్రభ గజం శుభ్రం చేసిన నేల

 

మేఘకుమారుని కథ తెలియనివారు మన ఇళ్లలో లేరు. పర్యూషణంలో ఏటేటా ఎవరో ఒకరు చెప్పుతూనే ఉంటారు. చెప్పేవారు ఏనుగు కాలు ఎత్తిన చోట ఆగుతారు, వినేవారు అక్కడే కన్ను తుడుచుకుంటారు. అది తప్పని అనను. అయితే ఆ కాలు ఎత్తకముందు జరిగినది ఒకటి ఉన్నది. దానిని మనం గబగబ దాటిపోతున్నాము. ఈ ఏడు దాని దగ్గర కొంచెం నిలబడవలెనని నా కోరిక.

జ్ఞాతాధర్మకథలో ఉన్న సంగతి ఇది. శ్రేణిక మహారాజు కుమారుడు మేఘుడు దీక్ష తీసుకున్న మొదటి రాత్రి వాకిలి దగ్గర పడక దొరికి, వచ్చిపోయే సాధువుల పాదధూళితో నిద్రపట్టక, తెల్లవారగానే ఇల్లు చేరుదామని తలచినాడు. అప్పుడు మహావీరస్వామి అతని పూర్వజన్మలు వినిపించినారు. ఒక జన్మలో అతడు ఏనుగు. ఎండలకాలంలో అడవి అంటుకున్నది. దప్పికతో పరుగెత్తి ఒక చెరువులో దిగితే నీళ్లు తక్కువ, బురద ఎక్కువ. అందులో దిగబడి, పగబట్టిన వేరొక ఏనుగు దంతపు పోట్లు తిని, ఏడు దినాలు యాతనపడి ప్రాణం విడిచినాడు. మరుజన్మలోను ఏనుగే, పేరు మేరుప్రభ. మళ్లీ ఒక దావాగ్ని కంటబడగానే జాతిస్మరణం కలిగినది. అప్పుడు ఆ ఏనుగు ఏమి చేసినది? కూర్చుని ఏడువలేదు. గంగ ఒడ్డున యోజనం మేర నేల ఎంచుకొని, తన మందతో అక్కడి గడ్డి, తుప్ప, తీగ, మోడు అంతా పెరికి అవతల పారవేసినది. ఒకసారి చేసి ఊరుకోలేదు. వానకాలం మొదట ఒకసారి, నడుమ ఒకసారి, కడపట ఒకసారి మొలిచినదానినల్లా మళ్లీ తీసినది. తరువాత మంట వచ్చినప్పుడు సింహం మొదలు కుందేలు వరకు అక్కడికే చేరినవి. కాలు ఎత్తిన చోట కుందేలు దూరినదంటే, దూరటానికి ముందుగా ఆ చోటు ఉన్నది గనుక.

రెండున్నర దినాలు కాలు ఎత్తి నిలిచిన కరుణ గొప్పదే. కాని ఎన్నో వానకాలాలు ఎవరూ చూడకుండా తుప్పలు పెరికిన కరుణ దానికి తక్కువా? మనం వ్యాపారస్థులం. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాడి తెలివి ఎంతటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక కథ విడిచి మన కళ్లముందున్న అడవికి వత్తాము. కర్ణాటకలో ఉన్నవారికి బందీపుర అడవి దూరం కాదు. 2019 ఫిబ్రవరి చివరలో అక్కడ కొన్ని దినాల పాటు మంటలు చెలరేగి పది వేల ఎకరాలకు పైగా కాలిపోయినది. అంతకు ముందటి ఏడు, 2018 మార్చిలో, తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండమీద చిక్కుకొని ఇరవైమందికి పైగా మనుషులే చనిపోయినారు. మనుషులకు లెక్క ఉన్నది. పాకేవాటికి, గూళ్లలో గుడ్లకు లెక్క వ్రాసినవారు ఎవరు?

మన అడవులలో మంట తనంతట తాను పుట్టుట బహు అరుదు. దాదాపు అన్నీ మనిషి పెట్టినవే. అయితే పెట్టిన నిప్పురవ్వ ఎంత దూరం పోతుందనేది అక్కడ పోగుపడిన సరుకును బట్టి ఉంటుంది. చలికాలం చివర చెట్లు ఆకు రాలుస్తాయి. గడ్డి ఎండుతుంది. వట్టి గడ్డిమీద మంట చురుకుగా పోతుంది గాని మోకాటి ఎత్తున పోయి ఆరిపోతుంది. మధ్యలో లంటానా కంప దట్టంగా అల్లుకొని ఉంటే సంగతి వేరు. అది నిచ్చెన వంటిది. నేలమీది మంట దాన్ని పట్టుకొని పెద్దచెట్ల కొమ్మలకు ఎక్కుతుంది. ఈ కంప మన దేశపుది కాదు. అమెరికా ఖండపు మొక్క. పూలు చక్కగా ఉన్నవని దొరల కాలంలో తోటలకు తెచ్చినారు. పక్షులు పండ్లు తిని అడవులంతా విత్తినవి. అందం చూసి సరుకు దించుకుంటే గోదాము నిండా పురుగు పట్టినట్లయినది.

బిళిగిరిరంగన కొండలలో సోలిగలనే గిరిజనులు తరతరాలుగా ఉన్నారు. చలి తగ్గుతుండగానే, నేలలో తేమ ఉండగానే, రాలిన ఆకుకు చిన్న నిప్పు పెట్టటం వారి ఆచారం. తరగు బెంకి అని దాని పేరు. 1972 నాటి వన్యప్రాణి చట్టం తరువాత, ఆ కొండలు అభయారణ్యమైన పిమ్మట, ఆ ఆచారం ఆగిపోయినది. మంట ఆగిన తరువాతనే లంటానా పెరిగినదని వారి పెద్దలు చెప్పుతారు. 2011లో వారికి ఆ అడవిమీద సాముదాయిక హక్కులు కాగితం మీద వచ్చినవి.

ఇక్కడ మనకు చిక్కు వచ్చినది. శ్రావకునికి నిషిద్ధమైన పదిహేను కర్మాదానాలలో దవదానం, అనగా అడవికి నిప్పు పెట్టుట, ఒకటి. హేమచంద్రాచార్యులు దానిని రెండు విధాలుగా చెప్పినారు: వ్యసనంతో పెట్టేది, పుణ్యమనుకొని పెట్టేది. మంచి ఉద్దేశంతో పెట్టినా నిప్పు నిప్పే. అగ్ని సైతం తేజస్కాయ జీవమే గదా. కాబట్టి చిన్నమంట పెట్టించండి అని శ్రావకుడు నోట పలుకరాదు. అలాగని తాతముత్తాతల నాటి నుండి అడవిలో బ్రతికే సోలిగను పాపి అనే అధికారం మనకు ఎవరిచ్చినారు? అతని పని అతనికి తెలుసు. మన పని మనం వెతుక్కోవలెను.

కొందరు పెద్దలు అంటారు: "మనం అడవికి పోము, నిప్పు పెట్టము, చెట్టు కొట్టము. చేతులు శుభ్రంగా ఉన్నవి." అయ్యా, చేయుట, చేయించుట, అనుమోదించుట అని కర్మకు మూడు వాకిళ్లు ఉన్నవి. తునికి తుప్పను కాలిస్తే కొత్త చిగురు బాగా వస్తుందని నిప్పు పెట్టే అలవాటు తెలంగాణ, ఒడిశా అడవులలో ఉన్నది. కత్తితో కొట్టించినా అదే చిగురు వస్తుంది, కూలి మాత్రం ఎక్కువ. బీడీ ఆకు కొనే వర్తకుడు ధర అడుగుతాడు, కట్ట లెక్క అడుగుతాడు. చిగురు ఎట్లా వచ్చినదని అడుగడు. ఆ అడగకపోవుట ఏ ఖాతాలో వ్రాయవలెను?

మరి తుప్ప నరికితే వనస్పతికాయ హింస కాదా అంటే, అవును, హింసే. అందులో వాదం లేదు. గృహస్థుడు సంకల్పహింస విడువవలెను; వ్యవహారంలో తప్పనిదాన్ని యతనతో తగ్గించుకోవలెను. ఒక ఏకేంద్రియం ఒకవైపు. అదే కంప అంటుకుంటే కాలే లేడిపిల్ల, పాము, చీమలపుట్ట, పెద్దచెట్టు, అన్నీ మరొకవైపు. త్రాసు పట్టిన చేతులకు ఇది తెలియదా? మేరుప్రభ పెరికిన మొక్కలు కూడా జీవాలే. ఆ పెరికినదాన్ని స్వామి నిందించినట్లు నేను ఎక్కడా వినలేదు.

యతన అంటే ఏమిటో ఇక్కడ వివరంగా చెప్పవలెను. లంటానాను పైన కోస్తే మోడు నుండి రెండింతలు వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్య సి.ఆర్. బాబు చూపిన పద్ధతిలో నేల క్రింద రెండంగుళాల లోపల తల్లివేరును తెగకొట్టి, మొక్కను తలక్రిందులు చేసి పెడతారు. భూమి తవ్వే పని తక్కువ. తరువాత రెండు మూడేండ్లు వచ్చి మొలకలు ఏరవలెను, ఏనుగు ఏరినట్లే. ఖాళీ అయినచోట మన గడ్డి విత్తకపోతే కంప తిరిగి వస్తుంది. పక్షులు గుడ్లు పెట్టే నెలలలో కొట్టరాదు. గుల్లపడిన ఎండుచెట్టును కట్టెలకని కొట్టరాదు, అది ఎవరి ఇల్లో.

అన్నిటికన్నా ముఖ్యం వాగు ఒడ్డు. కర్మాదానాలలో అడవి కాల్చుట, చెరువులు ఎండగొట్టుట పక్కపక్కనే ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మొదటి జన్మలో ఆ ఏనుగును చంపినది మంటా, నీరులేని చెరువా? రెండూ ఒక్కటే. ఏరుమద్ది, నేరేడు, కానుగ నీడపట్టిన ఒడ్డున నేల తడిగా ఉంటుంది, మంట అక్కడికి వచ్చి నీరసిస్తుంది. ఆ చెట్లు పోయి కంప నిండితే వాగులోయ పొగగొట్టమై మంటను పైకి లాగుతుంది. ఒడ్డుమీది కంపను ఒక్కసారిగా పెరికితే మన్ను వానకు కొట్టుకుపోతుంది. కొంచెం కొంచెం తీస్తూ వెంటవెంటనే మొక్క నాటవలెను. వెదురు ఒక్కటే నాటకండి. అది ఒక్కసారే పూచి, ఒక్కసారే ఎండి, కొండంత పుల్లలపోగు అవుతుంది. నీళ్లలో పడిన మాను జోలికి పోకండి, దాని నీడన చేపలుంటవి. బిళిగిరి కొండలలో భార్గవి ఒడ్డున సోలిగలు కొలిచే దొడ్డ సంపిగె చెట్టు ఉన్నది. వేల ఏండ్లదని చెప్పుకుంటారు. నీటి పక్కన నిలిచినది గనుకనే అంతకాలం నిలిచినదని నా ఊహ.

తీసిన కంప ఏమి చేయవలెను? అక్కడే కుప్పవేస్తే అది మళ్లీ మంటకు మేతే. సోలిగలు, నీలగిరి గిరిజనులు దానితో కుర్చీలు, బుట్టలు అల్లుతున్నారు. నీలగిరివారు నిలువెత్తు ఏనుగులనే కట్టినారు. ఆ మంద 2021లో లండను ఉద్యానాలలో నిలిచినది, తరువాత అమెరికా కూడా చూసివచ్చినది. మేరుప్రభ కథ చదివిన మనం ఆ ఏనుగులను చూసి ఏమీ అనుకోకుండా ఉండగలమా? మన దుకాణాలలో, ధర్మశాలలలో కుర్చీ బల్ల కొనే పని ఎప్పుడూ ఉంటుంది. ప్లాస్టిక్కు కన్నా ధర ఎక్కువే. ఆ ఎక్కువను ఆభరణం మీది మజూరీ అనుకోకండి, కంప కొట్టినవాని కూలి అనుకోండి.

పని మొదలుపెట్టవలసినది వానలు వెనుకబడిన కార్తీకంలో. మాఘం దాటితే ఆకు రాలుతుంది, అప్పటికి ఆలస్యం. కూలికి డబ్బు ముందే చేతిలో ఉండవలెను గనుక చందా పర్యూషణంలోనే పోగుచేయవలెను. అటవీశాఖవారి అనుమతి లేకుండా అడవిలో ఒక పుల్ల ముట్టరాదు. గ్రామసభను అడగకుండా వారి నేలమీద అడుగు పెట్టరాదు. ఒక్క ఏటికి కాక మూడేండ్లకు సరిపడా కూలి ఒకేసారి కట్టగలవారు ముందుకు రావలెను. మొదటి ఏడు ఇచ్చి రెండవ ఏడు మరచిపోతే కంప మొదటికన్నా దట్టంగా లేస్తుంది.