నిన్నటి దండ

ఈమధ్య మా అమ్మ చేతికి ఏదిచ్చినా చెయ్యి వణుకుతోంది. ఏటా ఆషాఢంలో, లష్కర్ బోనాలకు ముందురోజు రాత్రి, అమ్మవారికి నిమ్మకాయల దండ గుచ్చింది ఆ చెయ్యే. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకు లష్కర్ అన్న మాట చెవిన పడితే చాలు, ఉజ్జయిని మహంకాళి అమ్మ కళ్లముందు నిలబడుతుంది. ఈసారి అమ్మ దబ్బనం చేతిలోకి తీసుకుంది. కాసేపు దాన్నే చూసింది. ఏమీ అనకుండా పక్కన పెట్టేసింది. నా గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఈ ఏడు దండ నేను గుచ్చి అమ్మ చేతిలో పెట్టాలి అనుకున్నాను.

శనివారం సాయంత్రం మోండా మార్కెట్‌కు వెళ్లాను. 108 కాయలు ఒక్క సైజువి ఏరడానికే అరగంట పట్టింది. బాగా పండిన కాయ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ దండకు నిలవదు, తెల్లారేసరికి మెత్తబడుతుంది. కాస్త పచ్చిదనం ఉన్న గట్టి కాయ కావాలి. వేపకొమ్మలు, చివర కుచ్చుకు బంతిపూలు, ఒక దారపు ఉండ కూడా కొన్నాను. అన్నీ కలిపి మోసుకొచ్చేసరికి భుజం లాగేసింది. అన్ని కాయలంటే నాలుగు కిలోల దాకా తూగుతాయి మరి.

మొదటి పది కాయలు హాయిగా సాగాయి. తర్వాత వేళ్లు మండడం మొదలైంది. అంట్లు తోమి, బట్టలు ఉతికి మన వేళ్ల చివర్లు పగిలి ఉంటాయి కదా, ఆ పగుళ్లలోకి నిమ్మరసం దిగింది. కాయ నడుముకు దబ్బనం ఆనించి, బొటనవేలితో నొక్కి, మొన అవతల తేలగానే మెల్లగా లాగాలి. మొన పక్కకు జరిగితే కాయ వంకరగా కూర్చుంటుంది. కాయకూ కాయకూ మధ్య రెండు వేపాకులు. వరస కుదురుగా ఉండాలని నేను ప్రతి కాయనూ ముందుదానికి అదిమి బిగిస్తున్నాను. మంచం మీద నుంచి అమ్మ చూస్తూనే ఉంది.

"అంత గట్టిగ గుంజకు బిడ్డా. కాయకు కాయ ఒరుసుకుంటే తోలు చిట్లుతది. జర సందియ్యి."

సందు ఇచ్చాను. అంతవరకూ కర్రలా బిర్రబిగిసిన దండ అప్పుడు మెత్తగా వంగింది.

నలభై కాయలు దాటాక చేతులు ఇక్కడ, మనసు ఎక్కడో. అమ్మ మోకాలికి తీయించాల్సిన స్కానింగు, చిన్నవాడి ఫీజు, సోమవారం ఆఫీసులో చెప్పుకోవాల్సిన జవాబు, ఊళ్లో తమ్ముడు ఫోను ఎత్తని సంగతి. ఒక్కో కాయకు ఒక్కో దిగులు గుచ్చుతున్నట్టే ఉంది. ఇంకెన్ని మిగిలాయా అని గిన్నెలోకి తొంగి చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంది.

మీకూ ఇలాగే ఉంటుందా? చేస్తున్నది ఒక్క పనే అయినా పది పనులు చేసినంత నీరసం వస్తుందా? రాత్రి పడుకునే వేళకు ఒళ్లు ఎందుకు ఇంతగా అలసిపోయిందో ఎప్పుడైనా ఆగి చూసుకున్నారా? ఇవాళ్టి పని వల్లనా, ఇంకా రాని రేపటిని కూడా ఇవాళే ఎత్తుకున్నందువల్లనా?

దండ పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. చివరి ముడి మాత్రం అమ్మతో వేయించాను. దారం మూడుసార్లు జారిపోయింది. సాయం చేయబోతే వద్దంది. నాలుగోసారి ముడి పడింది. దండను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరి, "మంచిగున్నది" అంది. వంకర కాయలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె వేలు వాటి మీద నుంచి కూడా అంతే మెల్లగా నడిచింది.

ఆదివారం గుడి దారంతా పసుపు వాసన, వేపాకు వాసన. తలల మీద బోనాలు, బోనాల మీద దీపాలు, డప్పుల మోత. వరసలో నిలబడి నిలబడి అమ్మ కాళ్లు వాచాయి. అయినా దండను ఇంకొకరి చేతికివ్వలేదు. అమ్మవారి ముందు అరనిమిషం నిలబడ్డామేమో. పూజారి అమ్మ చేతుల్లోంచి దండ అందుకున్నాడు. అంతే, జనం మమ్మల్ని ముందుకు నెట్టేశారు.

ఇంటికొచ్చి చాయ్ తాగుతూ అడిగాను. "మన దండ ఎన్నాళ్లు ఉంచుతారమ్మా?"

"ఎన్నాళ్లేంది? పొద్దుగాల తీసేస్తరు. నిన్నటిది ఇయ్యాల అమ్మ మెడల ఉంటదా?"

నా మనసు చివుక్కుమంది. అంత మంట ఓర్చుకుని, అర్ధరాత్రి దాకా కూర్చుని గుచ్చింది ఒక్కరోజుకేనా! ఆ తర్వాత అమ్మ మాట లోపల ఇంకుతూ వచ్చింది. మన గుళ్లలో పొద్దున్నే జరిగేది అదే కదా. నిన్నటి పూలూ దండలూ తీస్తారు. వాటిని నిర్మాల్యం అంటారు, కాలు తగలనివ్వరు, కళ్లకద్దుకుంటారు. కానీ తీసేస్తారు. ఆ తర్వాతే అభిషేకం, ఆ తర్వాతే కొత్త అలంకారం. ఎంత గొప్పవాళ్లు ఎంత ఖరీదైన దండ తెచ్చినా మర్నాటి పొద్దున అది దిగాల్సిందే.

మనం మన దిగుళ్లను అలా దిగనిస్తున్నామా?

నిన్న రాత్రి మీరు దీపం ముందు కూర్చుని ఒక కష్టం చెప్పుకున్నారు. అమ్మవారు విన్నది. మీ చేతుల్లోంచి అందుకున్నది. తెల్లారేసరికి మనం చేసే పనేమిటి? వెనక్కి వెళ్లి, ఆ వాడిన దండనే వెతికి తెచ్చి మళ్లీ మెడలో వేసుకుంటాం. దాని బరువుతోనే పొయ్యి వెలిగిస్తాం, బస్సెక్కుతాం, పిల్లల మీద కసురుకుంటాం.

కష్టం ఒక్క రాత్రిలో తీరిపోతుందని నేననను. అమ్మ మోకాలు ఇంకా నొప్పిగానే ఉంది, ఫీజు ఇంకా కట్టాల్సే ఉంది. రేపు పొద్దున మీ గుండెలో అదే దిగులు మళ్లీ పుట్టొచ్చు. పుట్టనివ్వండి. దాన్ని కొత్త దండగా మళ్లీ తీసుకెళ్లండి. నిన్ననే కదా వచ్చావని ఏ తల్లి అంటుంది?

మా ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టిందే అలాంటి ఒక దిగులులోంచి. 1813లో జంటనగరాల్లో కలరా పాకి వేలమంది పోయారని ఆలయ చరిత్ర చెబుతుంది. అప్పటికే ఇక్కడి నుంచి ఉజ్జయినికి బదిలీ అయిన దండులో సురిటి అప్పయ్య అనే డోలీ మోసేవాడు ఉన్నాడు. ఇంటి దగ్గర ఇంత ఘోరం జరుగుతోందని అక్కడ ఆయనకు తెలిసింది. ఆ రోజుల్లో ఉజ్జయిని నుంచి సికింద్రాబాద్‌కు ఎన్ని రోజుల నడక! ఎవరున్నారో, ఎవరు పోయారో తెలిసే దారి లేదు. రోజంతా పరుల బరువు భుజాన మోసే మనిషి. తన బరువును ఎక్కడ దించాలి?

అక్కడి మహంకాళి ముందు దించాడు. మా జనాన్ని కాపాడు తల్లీ, మా ఊళ్లో నీకు గుడి కడతాం అని తోటివాళ్లతో కలిసి మొక్కుకున్నాడు. తిరిగొచ్చాక, 1815 జూలైలో, కొయ్యతో చేసిన అమ్మవారి విగ్రహాన్ని ఇక్కడ నిలబెట్టారు. ఇప్పుడు మనం చూసే విగ్రహం 1964లో ప్రతిష్ఠించింది. కొయ్య పోయి రాయి వచ్చింది, రాజులు పోయారు, దండులు పోయాయి. రెండు వందల ఏళ్లు దాటినా ఆషాఢం రాగానే ఆ మొక్కు ఇంకా తీరుతూనే ఉంది.

అప్పయ్యను తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ మొక్కుకు తర్వాతి రోజు గుర్తొస్తుంది. మొక్కుకున్న మర్నాడు కూడా ఆయన ఉజ్జయినిలోనే ఉండి ఉంటాడు. ఇంటి నుంచి కొత్త కబురేమీ వచ్చి ఉండదు. అయినా లేచి డోలీ భుజానికెత్తుకునే ఉంటాడు. నిన్నటి భయాన్ని అమ్మ దగ్గరే వదిలి రావడం అంటే అదే అనుకుంటాను.

మీరూ నేనూ ఇవాళ ఒక చిన్న పని చేద్దాం. రాత్రి దీపం పెట్టినప్పుడు అన్ని దిగుళ్లూ ఒక్కసారే గుమ్మరించకుండా, అన్నిటికన్నా బరువైన ఒక్కదాన్ని పేరు పెట్టి చెబుదాం. పొద్దున లేవగానే దేవుడి గూట్లో నిన్నటి పువ్వు తీసేటప్పుడు, దానితో పాటే ఆ దిగులునూ చేతిలోకి తీసి, చెట్టు మొదట్లో వేసి వద్దాం. మర్చిపోయి మధ్యాహ్నానికల్లా మళ్లీ మెడలో వేసుకుంటే కంగారు పడొద్దు. సాయంత్రం ఇంకో దీపం ఉంది.

ఇంకొక్కటి. మీ అమ్మ మీ దగ్గరే ఉంటే, ఈ శుక్రవారం ఆమె కోసం మీ చేత్తో ఒక మూరెడు దండ కట్టండి. మల్లెలు దొరక్కపోతే బంతిపూలైనా సరే, పెరట్లో మరువమైనా సరే. ఆమె దూరంగా ఉంటే కడుతూ ఫోనులో మాట్లాడండి. ఆమె వెళ్లిపోయి ఉంటే ఫొటో ముందు కూర్చుని కట్టండి, వింటుంది. పువ్వుకూ పువ్వుకూ మధ్య కాస్త సందు ఉంచండి. ఆమె పక్కనే ఉంటే మాత్రం, ఎంత ఆలస్యమైనా సరే, చివరి ముడి ఆమెతోనే వేయించండి.