పాతగుడ్డలును త్రాళ్లును
(ధ్యాన భాగము: యిర్మీయా 38:1–13)



యెరూషలేము ముట్టడిలో నున్న దినములవి. పట్టణము శత్రువుల చేతికి చిక్కునని యిర్మీయా బహిరంగముగా ప్రకటించెను. అధిపతులు రాజునొద్దకు పోయి యేమని ఫిర్యాదు చేసిరో గమనించుడి. అతని మాట అబద్ధమని వారు చెప్పలేదు. ఆ మాటలవలన యోధులు అధైర్యపడుచున్నారనియు, అతడు ప్రజలకు కీడు కోరువాడనియు చెప్పిరి. పట్టణము నిలుచునా పడునా అను ప్రశ్న అంతటితో మరుగుపడెను. మాటను విడిచి మనిషిని పట్టుకొనిరి. ఏలువారికి ఇది బహు పురాతనమైన ఉపాయము.

మన రాష్ట్రములోనే జరిగిన సంగతి యొకటి కలదు. 2020 ఏప్రిల్ నెలలో, కరోనా వ్యాధి వ్యాపించుచుండగా, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తుమందు వైద్యుడైన డాక్టర్ సుధాకర్ గారు, తమకు చాలినన్ని మాస్కులు లేవనియు, ఒక్క మాస్కునే 15 దినములు వాడుకొమ్మనుచున్నారనియు విలేఖరులతో చెప్పెను. ఏప్రిల్ 8న ప్రభుత్వము ఆయనను సస్పెండు చేసెను. మే 16న విశాఖపట్నం రోడ్డుమీద, ఒంటిమీద చొక్కా లేకుండ, చేతులు వెనుకకు కట్టబడిన ఆయనను పోలీసులు పట్టుకొనిపోయిన దృశ్యమును దేశమంతయు చూచెను. త్రాగి అల్లరి చేసెనని పోలీసులు చెప్పిరి. పిమ్మట ఆయనను మానసిక వైద్యశాలలో ఉంచిరి. హైకోర్టు జోక్యము చేసికొని మే 22న సీబీఐ విచారణకు ఆజ్ఞాపించెను. 2021 మే 21న ఆయన గుండెపోటుతో మరణించెను.

ఆ దినమున ఆయన ఏ స్థితిలో ఉండెనో తీర్చుట నా పని కాదు. గాని చూడుడి, ఏప్రిల్‌లో ప్రశ్న మాస్కులను గూర్చి. మే నెలలో ప్రశ్న ఆయన మతిని గూర్చి. ఇట్టివారిని కాపాడుటకు 2014లో ఢిల్లీలో చట్టమొకటి చేసిరి. దానిని అమలులోనికి తెచ్చు తేదీ మాత్రము ఏండ్లు గడచినను ప్రకటింపలేదు.

మరి మన సంగతి యేమి? తుఫాను వెళ్లిన పిమ్మట మన పట్టపుపాలెములలో పోయిన పడవలకు, వలలకు జాబితా వ్రాయుదురు. పడవ లేనివాని పేరు అందులో ఎక్కి, పడవ పగిలినవాని పేరు ఎక్కనియెడల, అడుగు యువకుడొకడు ఉండుననుకొనుడి. మరుసటి నెల వాని తండ్రి పింఛను ఆగును. అప్పుడు మనము ఓదార్చుటకు బదులు, "పెద్దోళ్లతో నీకెందుకు రా అబ్బయ్యా" అందుము. గొయ్యి త్రవ్వినవారు వేరు. మూత వేయువారము మనము.

యిర్మీయాను బురదలోనుండి లేవదీసినవాడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు. కూషీయుడైన ఎబెద్మెలెకు, రాజు నగరిలో కొలువున్నవాడు. అతని తిండి ఆ రాజు చేతిలోనిదే. అయినను రాజు బెన్యామీను ద్వారమున కూర్చుండియుండగా, చాటున గాక అక్కడికే పోయి, వీరు చేసినది అన్యాయమని చెప్పెను. మన సంఘములలోని టీచర్లారా, నర్సులారా, కచ్చేరీ గుమాస్తాలారా, ఇతడు మీవాడు.

అతడు 30 మందిని వెంటబెట్టుకొని, ముందు ఖజానా క్రింది గదికి పోయెను. అక్కడ చినిగిన పాతగుడ్డలు ఏరి, వాటిని చంకలక్రింద పెట్టుకొని, పిమ్మట త్రాళ్లు తగిలించుకొమ్మని ప్రవక్తకు చెప్పెను. ఆకలితో ఎండిన దేహమును త్రాడు కోయునని ఎరిగినవాడు. ఈ భాగము చదివినప్పుడెల్ల నేను ఆ గుడ్డల దగ్గర ఆగిపోవుదును. రాజాజ్ఞ దొరికెను గదా, త్రాడు వేసి లాగిన చాలదా? చాలదని అతడు తలంచెను.

ఉద్యోగము పోయినవాని యింటికి పగటివేళ, పదిమంది చూచుచుండగా వెళ్లి కూర్చుండుడి. అతని భార్యను నీళ్ల పంపు దగ్గర పలుకరించుడి. మీరు కన్నది నిజమైతే అర్జీమీద సంతకము చేయుడి. యిర్మీయా గోతిలోనుండి వచ్చినను విడుదల పొందలేదు. పట్టణము పట్టబడువరకు బందీగృహ ఆవరణములోనే ఉండెను. మన కాలములోను వాయిదాలు ఏండ్లకొలది సాగుచున్నవి. నెల్లూరు కోర్టుకు పోవు బస్సులో ప్రతిసారి అతని ప్రక్కన కూర్చుండుటకు ఒక మనిషి కావలెను.