కట్టెల తాడు ఇచ్చిన ముని

ఈ రోజు ధ్యానానికి బాలకాండ నాలుగో సర్గ తీసుకుందాం. పారాయణం చేసేవాళ్లు చాలామంది దీన్ని గబగబా దాటేస్తారు. ఇందులో యుద్ధం లేదు, విల్లు విరగడం లేదు. రామకథను మొదట ఎవరు పాడారు, ఎవరు విన్నారు, విన్నవాళ్లు ఏం చేశారు అన్నదే ఉంది. భద్రాద్రి రాముడి ఎదుట నిలబడ్డప్పుడల్లా నాకు మాత్రం ఈ సర్గే గుర్తొస్తుంది.

వాల్మీకి 24,000 శ్లోకాల కావ్యం పూర్తిచేశాడు. అంత పని ముగించిన మహర్షి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడని ఉండదు అక్కడ. దీన్ని ఎవరు పాడి వినిపిస్తారా అని ఆలోచనలో పడ్డాడని ఉంటుంది. సరిగ్గా అప్పుడే కుశలవులు వచ్చి ఆయన పాదాలు పట్టుకున్నారు. ఆయన వాళ్లకు కావ్యమంతా నేర్పాడు. ఒకనాడు మునులు కూడిన సభలో ఆ పిల్లలిద్దరూ పాడారు. వింటున్న మునుల కళ్లు నీళ్లతో నిండాయి. బాగు బాగు అన్నారు. అంతటితో ఊరుకోలేదు. ఏది బాగుందో కూడా చెప్పారు. గానం ఎంత మధురంగా ఉంది, శ్లోకాలు అంతకంటే ఎంత బాగున్నాయి, ఎప్పుడో జరిగిపోయిన సంగతి ఇప్పుడు మన కళ్లెదుట జరుగుతున్నట్టే ఉంది కదా అన్నారు.

ఆ తర్వాత లేచి, తలా ఒకటి ఇచ్చారు. మన వైపు పారాయణం చేసే పాఠంలో ఈ వరుస పొడుగ్గానే ఉంటుంది. ఒక ముని కలశం ఇచ్చాడు. ఒకాయన నారచీర, ఇంకొకాయన జింకచర్మం. జందెం, కమండలం, ముంజగడ్డి మొలతాడు, కౌపీనం, కాషాయ వస్త్రం. ఒకాయన గొడ్డలి ఇచ్చాడు. ఒకాయన జడలు ముడివేసుకునే తాడు, మరొకాయన కట్టెలు మోపుకట్టుకునే తాడు. ఇంకో ముని ఏకంగా కట్టెల మోపే ఇచ్చాడు. ఇవ్వడానికి ఏమీ లేనివాళ్లు శుభమస్తు అన్నారు, నూరేళ్లు బతకండి నాయనా అని దీవించారు.

కట్టెల తాడు ఇచ్చిన ఆ ముని దగ్గర కాసేపు ఆగుదాం. దుమ్ముగూడెం, చర్ల దారుల్లో పొద్దున్నే వెళ్లినవాళ్లకు ఆ తాడు విలువ వేరే చెప్పక్కర్లేదు. భుజాన గొడ్డలి, చేతిలో తాడు లేకుండా అడవిలోకి వెళ్లేవాళ్లు ఇక్కడ తక్కువ. తునికాకు కట్ట కట్టాలన్నా, వంట చెరకు మోసుకురావాలన్నా మంచి తాడు ఉండాలి. పేనిన తాడు చేతి అలవాటుకు వచ్చేసరికి కొన్నాళ్లు పడుతుంది, కొత్తది వెంటనే లొంగదు. ఆ ముని అటువంటి తాడును తీసి పిల్లల చేతిలో పెట్టాడు. మర్నాడు కట్టెలకు వెళ్లినప్పుడు తన మోపు దేంతో కట్టుకున్నాడో వాల్మీకి రాయలేదు. సంతోషం పట్టలేక ఇచ్చాడని మాత్రం రాశాడు.

రామాయణానికి దొరికిన మొదటి మెప్పు ఇదీ. ఆ సభలో రాజుల్లేరు, శాలువాల్లేవు. విన్నవాళ్లు ఎలా బతుకుతున్నారో ఆ బతుకులోంచే ఒక వస్తువు తీసి ఇచ్చారు. ఆ పిల్లలూ అడవిలోనే బతుకుతున్నారు కాబట్టి ఆ వస్తువు వాళ్లకు రేపు పొద్దున్నే పనికొస్తుంది. మీ పాట నాకు అందింది అని చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

మన భద్రాచలం కథ కూడా ఇలాగే మొదలైంది. ఆలయ చరిత్ర చెప్పేవాళ్లు మొదట తలిచే పేరు కోయ స్త్రీ పోకల దమ్మక్కది. పుట్టలో దొరికిన రాముడికి ఆమె తాటాకుల పందిరి వేసింది. తాటిపండు నైవేద్యం పెట్టింది. ఆ తర్వాత 17వ శతాబ్దంలో నేలకొండపల్లి నుంచి వచ్చిన కంచెర్ల గోపన్న రాతి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. గోపన్న ఇచ్చింది గొప్పదే, అందులో సందేహం లేదు. అయినా వరుసలో ముందున్నది తాటిపండే.

ఇక్కడివాళ్లు రామకథను విని ఊరుకోలేదు. దాన్ని తమ వాగుల్లోకి, గుట్టల్లోకి తెచ్చుకున్నారు. పర్ణశాలకు వెళితే సీతమ్మ చీరలు ఆరేసుకున్న రాళ్లు ఇవిగో అని చూపిస్తారు. ఆమె స్నానం చేసిన వాగు ఇదే అంటారు. జటాయువు రావణుణ్ణి అడ్డుకున్నది ఏటపాక దగ్గర అంటారు. భద్రాచలానికి దిగువన గోదావరిలో కలిసే నదికి శబరి అని పేరు. నాసిక్ వాళ్లు పంచవటి మాదే అంటారు, అననివ్వండి. ప్రేమ ఎక్కువైన ప్రతిచోటా కథ అక్కడే జరిగినట్టు ఉంటుంది. దీని మీద తగువు పడేవాళ్లతో నాకు పనిలేదు.

శబరి పండ్లు కొరికి చూసి రాముడికి పెట్టిందన్న సంగతి వాల్మీకంలో లేదు. ఉడత ఇసుక మోసిన సంగతీ లేదు. ఉడతను మనకిచ్చింది 13వ శతాబ్దపు గోన బుద్ధారెడ్డి ద్విపద, రంగనాథ రామాయణం. ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయిందని, లక్ష్మణుడు వచ్చి లేపితే పరాయి మగాడనుకుని బెదిరిపోయిందని పాడుకున్నది మన ఆడవాళ్లు. ఊర్మిళాదేవి నిద్ర అన్న ఆ పాటను మొదట ఎవరు కట్టారో పేరు నిలవలేదు. కానీ పాట నిలిచింది. ఎలా నిలిచింది? వడ్లు దంచుతూనో, పిల్లకు తల దువ్వుతూనో ఒకామె పాడుతుంటే పక్కనున్న ఇంకొకామె, అక్కా, ఆ లేపే ముక్క మళ్లీ పాడవా అని అడిగి ఉండాలి. అలా అడిగినవాళ్లు తరతరానా ఉండబట్టే అది మన దాకా వచ్చింది. పాట కట్టిన తల్లికి ఎంత పుణ్యమో, మళ్లీ పాడమన్న తల్లికీ అంత పుణ్యమని నేను నమ్ముతాను.

కథకు కొత్త ముక్క కలిపే ఈ పని ఇప్పటికీ ఆగలేదు. ఖమ్మంలో కాలేజీకి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో చూడండి. తాము ప్రేమించిన కథ ముగిసిపోతే ఉండబట్టలేక దాన్ని పొడిగించి రాసుకునేవాళ్లు కనిపిస్తారు. ఒకమ్మాయి ఊర్మిళను నిద్రలోంచి లేపి అడవికి పంపుతుంది. ఒకబ్బాయి బాహుబలి అయిపోయాక మాహిష్మతిలో ఏం జరిగిందో రాస్తాడు. మాంత్రికులు, మాట్లాడే పక్షులు, మాయా ఖడ్గాలు, అన్నీ ఉంటాయి వాటిలో. పెద్దవాళ్లం ఆ నోటుబుక్కు చూసి, ఉన్న కథ చాలదా, చదువు చూసుకో అంటాం. ఈ మాట అనేముందు శబరి పండ్లను ఒకసారి తలుచుకుందాం. ఆ ముక్కను మొదట ఎవరో కల్పించారు, ప్రేమకొద్దీ కల్పించారు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు కాబట్టే అది ఈనాడు మన భక్తిలో భాగమైంది. పిల్ల రాసిన ప్రతి కథా అంతటిదవుతుందని కాదు. కానీ ప్రేమించిన కథను పట్టుకుని వదలలేకపోవడం భక్తికి దగ్గరి చుట్టం. దాన్ని చులకన చేయడం నాకు తప్పుగానే తోస్తుంది.

మెచ్చుకోలు అందకుండానే వెళ్లిపోయిన వాళ్లనూ ఈ రోజు తలుచుకోవాలి. గోల్కొండ చెరసాలలో రామదాసు, అంటే గుడి కట్టించిన ఆ గోపన్నే, పన్నెండేళ్లు ఉన్నాడంటారు. వింటున్నావా అని రాముణ్ణే పదేపదే అడుగుతూ పాడాడు. ఆ పాటలు బయట ఎవరికి చేరుతున్నాయో ఆ గోడల మధ్య ఆయనకు ఎవరు చెప్పగలరు? వందేళ్లు దాటిన తర్వాత తిరువయ్యారులో త్యాగరాజు ఆ పాటలకు బదులిచ్చాడు. ప్రహ్లాద భక్తి విజయంలో రామదాసును స్తుతించాడు. క్షీరసాగర శయన కీర్తనలో, రామదాసు చెర విడిపించిన సంగతి తాను విన్నానని నేరుగా రాముడితోనే అన్నాడు. ఒక వాగ్గేయకారుడు ఇంకొక వాగ్గేయకారుడికి చేసిన నమస్కారం అది. రామదాసు దాన్ని వినలేదు. ఆ కీర్తన విన్నప్పుడల్లా నాకు మొదట ఆనందం, ఆ వెంటనే చిన్న నొప్పి కలుగుతాయి.

మన కాలంలో మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారుండేవారు. డోలు వాయిస్తూ కోయల ఇలవేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ పాడి నిలిపిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. పురస్కారం వచ్చాకే ఆ పేరు మనలో చాలామందికి తెలిసింది. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఆ కథను బతికించినవాళ్లు జాతరల్లో, ఇలవేల్పు కొలుపుల్లో నేల మీద కూర్చుని విన్న మనుషులు. కోయ పల్లెల్లో అలా పాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పాట వినబడ్డప్పుడు ఫోనులో వీడియో తీసుకుని వెళ్లిపోకుండా, ముగిసేదాకా కూర్చుని, దగ్గరికి వెళ్లి ఒక మాట చెప్పి రావడం మనం చేయగలిగిన పనే.

శ్రవణం తొమ్మిది భక్తుల్లో మొదటిదని ప్రహ్లాదుడు చెప్పాడు. మనం దాన్ని చెవులతో అయిపోయే పని అనుకుంటున్నాం. శ్రీరామనవమి పందిళ్లలో హరికథ చెప్పే దాసుగారు గొంతు పోయేలా పాడి గజ్జెలు విప్పుతుంటారు. మనం చెప్పులు వెతుక్కుంటుంటాం. పూర్వం చదివింపులు ఉండేవి. పది రూపాయలిచ్చిన మనిషి పేరు కథ మధ్యలో ఆపి చదివేవారు. కొందరికి అది చాదస్తంగా అనిపించేది. కానీ దానివల్ల కథ చెప్పేవాడికి వినేవాడి పేరు తెలిసేది, ముఖం తెలిసేది.

మెచ్చుకోవడానికి పాండిత్యం అక్కర్లేదు. నాలుగో సర్గ మునులు చేసినట్టు చేస్తే చాలు. ఏ చోట మనసు ఆగిందో ఆ చోటు చెప్పాలి. హనుమంతుడు ఉంగరం ఇచ్చే ఘట్టంలో మీరు గొంతు తగ్గించారే, అక్కడ మా అమ్మ ఏడ్చింది అని చెబితే, ఆ దాసుగారు ఆ రాత్రి ఆ మాట పట్టుకుని ఇంటికి వెళతారు. పొగడ్తలో ఇంకొకరిని తక్కువ చేయకూడదు. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ చివర సలహా తగిలించకూడదు. అడిగితే చెప్పొచ్చు, అది వేరు. మాటలు రానివాళ్లు బాగుంది అని ఊరుకున్నా ఫర్వాలేదు. వట్టి చేతులతో దీవించిన మునులు కూడా ఆ సభలో ఉన్నారు కదా.

ఉత్తరకాండలో ఇదే పిల్లలు అశ్వమేధ సమయంలో పాడతారు. రాముడు ముగ్ధుడై 18,000 బంగారు నాణేలు ఇప్పించబోతాడు. కందమూలాలు తిని అడవిలో బతికేవాళ్లం, బంగారం మాకెందుకని వాళ్లు తీసుకోరు. కట్టెల తాడును కాదనని పిల్లలు బంగారాన్ని వద్దన్నారు. అయినా రాముడు ఇవ్వగలిగిన అసలు కానుక నాలుగో సర్గ చివర్లోనే ఉంది. అక్కడ కుశలవులు రాముడి ఎదుటే పాడుతుండగా ఆయన కూడా మెల్లగా సభలో ఒకడయ్యాడని వాల్మీకి అంటాడు. సింహాసనం మీద ఉంటే కథను పూర్తిగా అనుభవించలేనని, దిగివచ్చి అందరి నడుమ కూర్చున్నాడని వ్యాఖ్యాతలు చెబుతారు. ఆ కథ రాముడిదే. అందులో ఏముందో ఆయనకు తెలియనిది లేదు. అయినా ఇద్దరు పిల్లలు చెబుతుంటే వినడానికి దిగివచ్చాడు.

రామా, నీలా దిగివచ్చి కూర్చునే బుద్ధి మాకు ఇవ్వు. పెద్దరికం, తీరికలేనితనం, మాకు తెలిసిన కథే కదా అన్న ధీమా మా చెవులకు అడ్డం పడకుండా చూడు. మా ఇంట్లో పిల్లలు ఏదైనా రాసి తెచ్చి చూపిస్తే, తప్పులు కనబడేముందు వాళ్ల సంతోషం మాకు కనబడేలా చేయి.

ఈ రోజు సాయంత్రం దీపం పెట్టేలోగా, మీకు ఒక మంచి కథ చెప్పిన మనిషిని ఒక్కరిని తలుచుకోండి. నాయనమ్మ కావచ్చు, బడిలో తెలుగు మాస్టారు కావచ్చు, మొన్న నవమికి వచ్చిన హరిదాసు కావచ్చు, నోటుబుక్కు దాచుకుని తిరిగే మేనకోడలు కావచ్చు. వెళ్లగలిగితే వెళ్లండి, లేకపోతే ఫోను చేయండి. ఏ ముక్క మీతో ఉండిపోయిందో అది చెప్పండి. ఆ మనిషి ఇప్పుడు లేకపోతే వాళ్ల పిల్లలకు చేయండి. మీ నాన్నగారు చెప్పిన సుందరకాండ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటామండీ అని చెప్పండి.